దప్పికన్నవారికి నీళ్లు, వేళకు మందు: ఇది మనందరి పూచీ

2009 మే నెలలో లండన్‌లోని ఓ పెద్దాసుపత్రి వార్డు నుంచి పోలీసులకు ఫోన్ వెళ్లింది. చేసింది 22 ఏళ్ల కుర్రాడు. తుంటి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాడు. దాహంతో ప్రాణం పోతోంది, ఎవరూ నీళ్లివ్వడం లేదు, మీరైనా వచ్చి ఇప్పించండి అన్నది అతని మొర. పోలీసులు వచ్చారు. పిల్లాడికి మతి స్థిమితంగా లేదని సిబ్బంది చెబితే నమ్మి వెనుదిరిగారు. అతను అరిచాడు, తిరగబడ్డాడు. గొడవ చేస్తున్నాడని మత్తుమందు ఇచ్చారు. చివరికి ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోయాడు. 2012లో మరణ విచారణ జరిపిన అధికారి ఈ చావులో నిర్లక్ష్యం పాలు ఉందని తేల్చారు.

అతనికున్న జబ్బు డయాబెటిస్ ఇన్సిపిడస్. మెదడులో గడ్డకు చికిత్స జరిగాక వచ్చింది. రోజూ వేళకు పడాల్సిన మాత్ర ఒకటుంది. ఆసుపత్రిలో అది పడలేదు, చాలినన్ని నీళ్లూ అందలేదు. నీళ్లు కావాలని నోరు తెరిచి అడిగినవాడు, చుట్టూ డాక్టర్లూ నర్సులూ ఉన్న చోట దప్పికతో పోయాడు.

మిత్రులారా, ఈ జబ్బుకు మందు ఉంది. జాగ్రత్తగా ఉంటే నిండు నూరేళ్లూ బతకవచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, పిల్లల్ని కనవచ్చు. రోగి మెలకువతో ఉండి, నీళ్లు చేతికందే దూరంలో ఉన్నంతవరకు తనను తాను కాపాడుకోగలడు. స్పృహ తప్పితే? ఆపరేషన్ బల్ల మీద ఉంటే? ఇంకా మాటలు రాని పసిబిడ్డ అయితే? పరీక్ష హాల్లో కూర్చుని ఉంటే? అప్పుడు కాపాడాల్సింది పక్కనున్నవాళ్లే. ఆ పక్కనున్నవాళ్లం మనమే. కాబట్టి దీన్ని రోగి సొంత గొడవగా వదిలేయడానికి వీల్లేదు.

కాపాడాలంటే ముందు జబ్బు తెలియాలి. మన మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి వస్తుంది. మిగతాదంతా తిరిగి రక్తంలోకే చేరుతుంది. నీటిని అలా వెనక్కి తీసుకొమ్మని మూత్రపిండానికి చెప్పే హార్మోన్ వేసోప్రెసిన్. మెదడు అడుగున హైపోథాలమస్‌లో తయారై, పిట్యూటరీ గ్రంథి వెనక భాగంలో నిల్వ ఉండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడల్లా రక్తంలోకి విడుదలవుతుంది. మూత్రపిండంలోని సన్నని గొట్టాల గోడల్లో నీటి దారులు తెరుస్తుంది. ఆ దారులను కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రెకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ హార్మోన్ చాలినంత తయారుకాకపోతే అది మెదడు వైపు నుంచి వచ్చిన డయాబెటిస్ ఇన్సిపిడస్. హార్మోన్ ఉన్నా మూత్రపిండం దాని మాట వినకపోతే అది మూత్రపిండం వైపు నుంచి వచ్చింది. రెండింటిలోనూ జరిగేది ఒకటే. నీళ్లలాంటి, రంగూ చిక్కదనమూ లేని మూత్రం రోజుకు మూడు లీటర్లకు మించి పోతుంది. జబ్బు ముదిరినవారిలో పదిహేను, ఇరవై లీటర్ల దాకా పోవచ్చు. పోయినంతా తాగి నింపుకోవాలి. అందుకే ఆ దాహం మామూలు దాహంలా ఉండదు. చల్లటి నీళ్ల కోసం తపన, అర్ధరాత్రి మంచం పక్కన నీళ్ల సీసా, గంటకోసారి లేవడం, నిద్రలేక పగలంతా నీరసం. ఎక్కువ నీళ్లు తాగడం వల్లే ఎక్కువసార్లు ఒంటికి వస్తోంది, తాగడం తగ్గించు అని ఇంట్లోవాళ్లు చెప్పే సలహా ఇక్కడ ప్రాణం తీస్తుంది. మూత్రం ఎలాగూ ఆగదు. నీళ్లు ఆపితే రక్తంలో సోడియం పెరిగి మనిషి తికమకపడతాడు, చిరాకు పడతాడు, ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది. లండన్ కుర్రాడి అరుపులకు మూలం ఆ దాహమూ, ఒంట్లో ఎండిపోతున్న నీరూ. చుట్టూ ఉన్నవాళ్లకు అది కొవ్వెక్కిన ప్రవర్తనలా కనిపించింది.

మన ఊళ్లలో ఈ రోగి కథ చాలావరకు ఒకేలా నడుస్తుంది. అతిగా దాహం, అతిగా మూత్రం అనగానే షుగర్ పరీక్ష చేస్తారు. షుగర్ మామూలుగా ఉంటుంది. షుగర్ లేదు, ఏం భయం లేదు, వెళ్లు అంటారు. రోగి సంతోషంగా ఇంటికి వెళ్తాడు, జబ్బు అతని వెంటే వెళ్తుంది. డాక్టర్లకూ, ల్యాబుల్లో పనిచేసేవారికీ నా విన్నపం ఇది. షుగర్ లేదని తేలిన చోట ఆగిపోవద్దు. మరి ఇంత మూత్రం ఎందుకు పోతోంది అన్న ప్రశ్న అక్కడే మొదలుకావాలి. 24 గంటల మూత్రం ఒక పెద్ద డబ్బాలో పట్టి కొలవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సోడియం, కాల్షియం, పొటాషియం, మూత్రం చిక్కదనం చూడటానికి జిల్లా కేంద్రం చాలు. ఆ తర్వాత అవసరమైతే ఎండోక్రైనాలజీ విభాగానికి పంపాలి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. దారి తెలియక ఆగిపోతున్న రోగులకు ఆ దారి చూపించడం మన పని.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. కొన్ని గంటలపాటు నీళ్లు ఆపి, మూత్రం చిక్కబడుతుందా లేదా అని చూసే పరీక్ష ఒకటుంది. ఆ తర్వాత వేసోప్రెసిన్‌లా పనిచేసే డెస్మోప్రెసిన్ అనే మందు ఇచ్చి చూస్తారు. మూత్రం చిక్కబడితే లోపం హార్మోన్‌లో, చిక్కబడకపోతే మూత్రపిండంలో. ఇది ఆసుపత్రిలో, గంటగంటకూ బరువూ రక్తమూ చూస్తూ చేయాల్సింది. ఫోన్లో వీడియో చూసి ఇంట్లో చేయడానికి వీల్లేదు. కోపెప్టిన్ అనే రక్తపరీక్ష వచ్చాక కొన్నిచోట్ల ఈ కష్టం తగ్గింది. పిట్యూటరీకి ఎంఆర్‌ఐ స్కాన్ తీయించమంటే వాయిదా వేయకండి. లోపల గడ్డ ఉంటే మొదట బయటపడేది ఈ దాహంతోనే కావచ్చు, ముఖ్యంగా పిల్లల్లో.

ఎందుకు వస్తుందో చూస్తే మన సామూహిక బాధ్యత ఇంకా తేటపడుతుంది. తలకు దెబ్బ తగిలితే వస్తుంది. హెల్మెట్ లేకుండా బండి నడిపి పడిపోయిన కుర్రాళ్లలో తల గాయం మానినా ఈ దాహం మిగిలిపోవచ్చు. పిట్యూటరీ ఆపరేషన్ల తర్వాత వస్తుంది. మెదడు పొరలకు సోకిన క్షయ వల్ల వస్తుంది. మానసిక వ్యాధికి ఏళ్ల తరబడి లిథియం వాడినవారి మూత్రపిండాలు హార్మోన్‌కు స్పందించడం మానేయవచ్చు. వారు పదే పదే నీళ్లడిగితే పిచ్చి ముదిరిందనుకోవడం ఘోరం. గర్భిణుల్లో కొందరికి చివరి నెలల్లో తాత్కాలికంగా వస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. తల్లి నుంచి కొడుక్కి వచ్చే రకం ఇందులో ముఖ్యమైనది.

మేనరికాలు చేసుకునే మన సమాజం వినాల్సిన మాట మరొకటుంది. వోల్‌ఫ్రామ్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు వ్యాధిలో చిన్నతనంలోనే షుగర్ వస్తుంది, చూపు తగ్గుతుంది, వినికిడి తగ్గుతుంది, డయాబెటిస్ ఇన్సిపిడస్ కూడా తోడవుతుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం చేరితేనే అది బయటపడుతుంది. దగ్గరి రక్తసంబంధాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. షుగర్ ఉన్న పిల్లవాడికి చూపు కూడా మందగిస్తుంటే, షుగర్ వల్లేలే అని సరిపెట్టుకోకండి.

అంగన్‌వాడీ కార్యకర్తలారా, ఆశా అక్కలారా, మీ కళ్లు ఈ పనిలో అందరికంటే విలువైనవి. బరువు పెరగని బిడ్డ, అంతుచిక్కని జ్వరం పదే పదే వచ్చే బిడ్డ, వాంతులు, మలబద్ధకం, పాలకంటే నీళ్లకోసం ఎక్కువ ఏడ్చే బిడ్డ, ఎప్పుడు చూసినా బరువెక్కి తడిసిన గుడ్డలు. ఇవన్నీ ఒకే ఇంట్లో కనిపిస్తే తల్లికి ధైర్యం చెప్పి ఆసుపత్రికి పంపండి. పసిబిడ్డలో ఈ జబ్బు ఆలస్యంగా తెలిస్తే మెదడు దెబ్బతింటుంది, ఆ నష్టం తిరిగి పూడదు.

బడి సంగతి విడిగా చెప్పుకోవాలి. పదేళ్ల పిల్ల రాత్రి పక్క తడిపితే తల్లి సిగ్గుపడుతుంది, తండ్రి కసురుతాడు. పగలు తరగతిలో మూడోసారి చెయ్యెత్తితే ఉపాధ్యాయుడు కూర్చోమంటాడు. మరుగుదొడ్డికి వెళ్లాల్సివస్తుందని ఆడపిల్లలు పొద్దుట్నుంచీ నీళ్లు తాగకుండా ఉండటం మనకు తెలియని విషయం కాదు. మామూలు పిల్లకే అది చేటు. ఈ జబ్బున్న పిల్లకు అది ఆసుపత్రి పాలయ్యే దారి. కాబట్టి ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను. నీళ్లు తాగమని గుర్తుచేసే వాటర్ బెల్ కొట్టడంతో సరిపెట్టకండి. దాహం వేస్తోందన్న పిల్లకు, ఒంటికి వెళ్లాలన్న పిల్లకు ఎప్పుడైనా సరే అనుమతి ఉంటుందని తరగతి గోడ మీద రాయండి. పదో తరగతి పరీక్షల్లో డాక్టరు కాగితం తెచ్చిన విద్యార్థికి పారదర్శకమైన సీసాలో నీళ్లు, తలుపు దగ్గరి బెంచీ, వెళ్లి వచ్చేందుకు కొంత అదనపు సమయం ఇస్తే పరీక్ష పరువు ఏమీ పోదు.

ఇక మందు. మెదడు వైపు నుంచి వచ్చిన రకానికి డెస్మోప్రెసిన్ ఉంది. మాత్రగానూ ముక్కులో కొట్టుకునే స్ప్రేగానూ దొరుకుతుంది. 1960లలో చెకోస్లొవేకియా రసాయనవేత్తలు తయారుచేసిన ఈ మందు ఎందరికో జీవితాన్ని తిరిగి ఇచ్చింది. రాత్రి ఒక మాత్ర వేసుకుని తెల్లవార్లూ నిద్రపోగలగడం ఎంత భాగ్యమో ఆ రోగులనే అడగండి. మూత్రపిండం వైపు నుంచి వచ్చిన రకానికి ఇది పెద్దగా పనిచేయదు. అక్కడ ఉప్పు తగ్గించడం, థయాజైడ్ రకం మాత్రలు, లిథియం వల్ల వచ్చినవారికి అమిలోరైడ్ వంటివి డాక్టర్లు ఎంచుకుంటారు. డెస్మోప్రెసిన్‌తో ఇంకో వైపు ప్రమాదమూ ఉంది. మందు పనిచేస్తున్న వేళ దాహం లేకుండా లీటర్లకొద్దీ నీళ్లు తాగితే సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తాయి. దాహం వేసినప్పుడు తాగాలి, దాహం తీరగానే ఆపాలి. మోతాదు డాక్టరు చెప్పినట్టే ఉండాలి. అందరికీ ఒకే మోతాదు ఉండదు.

అదే మందును పక్క తడిపే పిల్లలకూ ఇస్తారు. అందువల్ల ఒక పూట తప్పినా ఫర్వాలేదన్న అలుసు ఆసుపత్రుల్లోనూ మందుల షాపుల్లోనూ పుట్టింది. ఆ అలుసు ప్రాణాలు తీస్తోందని గ్రహించే ఇంగ్లండ్ ఆరోగ్య వ్యవస్థ 2016లో తన ఆసుపత్రులన్నింటికీ ప్రత్యేక హెచ్చరిక పంపింది: డెస్మోప్రెసిన్ ఆలస్యమైనా, మానేసినా రోగి చనిపోవచ్చు, అది ప్రాణాధార మందు. 2022లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ సర్వేలో 1,034 మంది రోగులను అడిగితే, వైద్య సిబ్బందే తమ జబ్బును షుగర్‌తో పొరబడ్డారని 80 శాతం మంది చెప్పారు. ఆ ఏడాదే ప్రపంచంలోని ఎండోక్రైన్ సంఘాలు కలిసి జబ్బు పేరు మార్చాయి. ఇక మీద వేసోప్రెసిన్ లోపం, వేసోప్రెసిన్‌కు స్పందించకపోవడం అన్న పేర్లే వాడమన్నాయి. పేరు మారింది సరే, మన వార్డుల్లో అలవాటు మారాలి.

నర్సు చెల్లెళ్లారా, కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో ఒక్క వాక్యం రాయండి: ఈ రోగికి డెస్మోప్రెసిన్ ఆపకూడదు, నీళ్లు ఆపకూడదు. ఆపరేషన్ ముందు నోటి ద్వారా నీళ్లు ఇవ్వలేని వేళ సెలైన్ ద్వారా ఏ ద్రవం, ఎంత వేగంతో ఇవ్వాలో, ఎన్ని గంటలకోసారి సోడియం చూడాలో డాక్టరుతో రాయించుకోండి. రోగి వెంట ఉన్న బంధువు వచ్చి మా అబ్బాయి మాత్ర టైమైందంటే విసుక్కోకండి. ఆ మాత్ర గురించి వార్డులో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అతడే.

సగటున 25 వేల మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని వైద్యశాస్త్రం అంచనా. రెండు తెలుగు రాష్ట్రాల జనాభా తొమ్మిది కోట్ల చుట్టూ అనుకుంటే, మూడున్నర వేల మందికి పైగా మన మధ్య ఉన్నారు. అంతమందికి ఒక సంఘం లేదు, ఒక నినాదం లేదు, ఓటు బ్యాంకు అసలే కాదు. వారి తరఫున అడగాల్సింది మనం. ప్రతి జిల్లా ఆసుపత్రి మందుల నిల్వలో డెస్మోప్రెసిన్ ఎప్పుడూ ఉండాలని అడగాలి. నెలనెలా ఈ మందు కొనలేని పేద రోగికి ప్రభుత్వమే ఉచితంగా అందించాలని అడగాలి. 108 సిబ్బంది శిక్షణలో ఈ జబ్బుకు అరగంట కేటాయించాలని అడగాలి. ఎండాకాలం రాగానే వీధివీధినా చలివేంద్రం పెట్టి, దారినపోయేవారి దాహం తీర్చడం పుణ్యమని నమ్మే జాతి మనది. ఆ నమ్మకం ఆసుపత్రి వార్డు గుమ్మం దాటి లోపలికి రావాలి.

రోగుల కుటుంబాలకు చివరగా ఒక మాట. దాచకండి. పెళ్లి సంబంధం చెడుతుందని, ఉద్యోగం పోతుందని దాచిన జబ్బు ఏదో ఒక రోడ్డు ప్రమాదంలో, ఎవరూ తెలియని ఊళ్లో బయటపడితే చెప్పేవారుండరు. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసిన చిన్న కార్డు జేబులో ఉండాలి: జబ్బు పేరు, మందు పేరు, మోతాదు, ఫోన్ నంబరు. ప్రయాణంలో రెండు రోజుల మందు అదనంగా ఉండాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఉండిపోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇది చదివిన ప్రతి ఒక్కరూ ఈ వారం ఒక పని చేయండి. మీ ఊరి మందుల షాపులో డెస్మోప్రెసిన్ ఉందేమో అడగండి. లేదంటే ఎన్ని గంటల్లో తెప్పించగలరో కనుక్కోండి. ఆ జవాబును మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు, మీ సర్పంచ్‌కు లేదా కౌన్సిలర్‌కు చెప్పండి. మందు మీ మండలంలో దొరికేదాకా అడుగుతూనే ఉండండి.