కులగణన సరే, కుల సమాచారానికి కాపలా ఏది?

ప్రవేశాల కాలంలో మా విభాగం నోటీసు బోర్డుపై ఒక జాబితా అంటించేవారు. పేరు, ర్యాంకు, ఆ పక్కనే ఎస్సీ, ఎస్టీ, బీసీ-ఏ. ఇప్పుడది పీడీఎఫ్‌గా మారి వాట్సాప్ గ్రూపులకు వెళుతోంది. తరగతులు మొదలయ్యేనాటికి ఎవరి కులమేమిటో అందరికీ తెలిసే ఉంటుంది. హాస్టల్లో ఎవరు ఎవరితో గది పంచుకోవాలో ఆ జాబితాయే తేల్చడం నేను చూశాను. ‘సార్, నా పేరు పక్కన అది తీసేయించలేరా?’ అని ఒక విద్యార్థిని అడిగితే కార్యాలయానికి వెళ్లాను. పారదర్శకత కోసం తప్పదన్నారు.

కులగణన జరగాలని వాదించినవారిలో నేనూ ఒకడిని. ఇప్పటికీ నాది అదే మాట. 1931 తర్వాత దేశవ్యాప్తంగా అన్ని కులాల లెక్క వెలువడనే లేదు. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన సర్వే, ముస్లిం బీసీలతో కలిపి బీసీల వాటా 56 శాతం దాటిందని తేల్చింది. ఆ అంకె అవసరం. అయితే ఆ అంకెను రాబట్టిన ఫారాల్లో ఒక్కో కుటుంబం పేరు, కులం, భూమి, అప్పు, ఆదాయం ఒకేచోట ఉన్నాయి. జనగణన చట్టం, 1948లోని 15వ సెక్షన్ ప్రకారం గణకుడు రాసుకున్న వ్యక్తిగత వివరాలను ఇతరులు తనిఖీ చేయడానికి వీల్లేదు. రాష్ట్రాలు జరిపిన కుల సర్వేలు ఆ చట్టం కింద జరిగినవి కావు. అందువల్ల ఆ రక్షణ వాటికి దానంతటదే వర్తించదు.

మన ఊళ్లలో ఎవరి కులం ఎవరికి తెలియదని కొందరు మిత్రులు నవ్వుతారు. నిజమే, ఊరికి తెలుసు. ఆ ఊరి చూపును తప్పించుకోవడానికే కదా మన పిల్లలు నగరానికి వచ్చింది! పైగా ఊరి జ్ఞాపకం వేరు. ఇల్లు అద్దెకిచ్చేవాడు, అప్పిచ్చే సంస్థ, బూతులవారీగా ఓట్లు లెక్కగట్టే పార్టీ మీట నొక్కి వెతుక్కోగల ఫైలు వేరు.

చట్టం నడిచిన దారి చూడండి. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా కులాన్ని, తెగను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించింది. 2019 బిల్లులోనూ ఆ గుర్తింపు నిలిచింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చేసరికి సున్నిత సమాచారమనే వర్గాన్నే ఎత్తివేశారు. ఇప్పుడు ఒక దళిత యువతి కులానికీ, ఆమె ఈమెయిల్ చిరునామాకూ ఆ చట్టంలో ఒకే స్థాయి.

అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని సవరించి, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత వివరాలు ఇవ్వవచ్చన్న మాటను అక్కడినుంచి తొలగించింది. 8(2)లో ఒక దారి మిగిలి ఉన్నా, నకిలీ కుల ధ్రువపత్రంతో ఉద్యోగం పొందినవారి గురించి అడిగితే ‘వ్యక్తిగతం’ అని తిప్పిపంపడం అధికారికి ఇక సులువు. దాచవలసిన చోట తెరిచి, తెరవవలసిన చోట తాళం వేశారు.

సర్వేలు జరిపిన ప్రభుత్వాలు శాసనసభలో చట్టం తేవాలి. పేరును, కులాన్ని వేరువేరుగా భద్రపరచాలి. ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో నమోదు కావాలి. దుర్వినియోగానికి శిక్ష ఉండాలి. మా ప్రవేశాల జాబితాకు అంత చట్టం కూడా అక్కర్లేదు. పేరు తీసి హాల్‌టికెట్ నంబరు, కేటగిరీ మాత్రం ముద్రిస్తే రోస్టర్ పాటించారో లేదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ మేరకు లేఖ ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు.