వాడికీ కాస్త గడువివ్వండి!

పద్మారావు నగర్‌కి ఇల్లు మారి నెలయింది. స్కందగిరి గుడి గంట మోగితే చాలు, మా జిమ్మీ గొంతు కలుపుతాడు. చెప్పులు కొరుకుతాడు. మొన్న పక్కింటివాళ్ల డోర్‌మ్యాట్ ఈడ్చుకొచ్చాడు.

"కుక్కనైనా వదిలేయండి, ఇల్లయినా ఖాళీ చెయ్యండి" అన్నారు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వారు. అందరూ కలిసి తీర్మానం చేసినా సరే, పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే స్పష్టం చేసింది. అలాగని పొరుగువారి ఇబ్బంది మనకి పట్టదంటే ఎలా? రేబిస్ టీకా వేయించడం, బయట గొలుసు వదలకపోవడం, వాడు చేసిన మురికి ఎత్తడం మన బాధ్యతే.

కానీ వాడిది పొగరు కాదు, బెంగ. తెలిసిన వాసనలన్నీ పాత ఇంట్లోనే ఉండిపోయాయి మరి! కొత్తకోడలికైతే పుట్టింటి బెంగ తీరేదాకా గడువిస్తాం. (ఇస్తున్నామా అన్నది వేరే సంగతనుకోండి!) నా పాత చీర పక్కగా పరిచాక రాత్రిళ్లు ఏడవడం తగ్గింది. పక్కింటావిడకి కొత్త డోర్‌మ్యాట్ కొనిచ్చాను. ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యం.