గెలుస్తామా అని కాదు, వస్తాయా అని అడగండి

"ఈ నెలాఖరుకి పక్కా బ్రో" అనే మెసేజ్ మీ ఫోన్లో ఎన్ని నెలాఖరుల నుంచి ఉంది? చేబదులు ఇచ్చినప్పుడు యూపీఐలో పది సెకన్లు కూడా పట్టలేదు. తిరిగి అడగడానికి మాత్రం ఏడాదిగా మొహమాటం. ఒకరోజు ఆ మొహమాటం కాస్తా కోపమవుతుంది. "లాయర్ నోటీసు ఇస్తా, కోర్టుకి లాగుతా" అనిపిస్తుంది. లాగొచ్చు, తప్పేం లేదు. కానీ అంతకంటే ముందు ఒక పావుగంట కూర్చుని లెక్క వేసుకోవాలి.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన పెద్దవాళ్లు అంటుంటారు. మా ఆఫీసులో ఒకతని విషయంలో అదే జరిగింది. పాత రూమ్మేట్‌కి మూడు లక్షలు ఇచ్చాడు. ప్రామిసరీ నోటు ఉంది, కేసు వేశాడు, గెలిచాడు. తీరా చూస్తే ఆ రూమ్మేట్ పేరు మీద ఏమీ లేదు. బైకు కూడా ఫైనాన్స్‌లోనే ఉంది. డిక్రీ అంటే డబ్బు కాదు, డబ్బు వసూలు చేసుకునే హక్కు మాత్రమే. దాన్ని అమలు చేయించడానికి మళ్లీ ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. అందుకు 12 ఏళ్ల గడువు ఉంటుంది కాబట్టి అతనికింకా ఆశ ఉంది, అంతే.

అందుకే కేసు గెలుస్తామా అన్నది ఒక ప్రశ్న, గెలిచాక డబ్బు వస్తుందా అన్నది వేరే ప్రశ్న. మనం మొదటిదాని గురించే ఆలోచిస్తాం, రెండోదే అసలైనది.

ఒక చిన్న లెక్క

రావాల్సింది రెండు లక్షలు అనుకుందాం. కింది అంకెలన్నీ ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. గెలిచే అవకాశం 80 శాతం. ఉద్యోగం, ఆస్తి ఏవీ తెలియని మనిషి కాబట్టి గెలిచాక వసూలయ్యే అవకాశం 40 శాతం. రెండూ కలిపితే 32 శాతం, అంటే 64 వేలు. లాయర్ ఫీజు, కోర్టు ఫీజు, వాయిదాలకి పెట్టే సెలవులు కలిపి 40 వేలు తీసేస్తే మిగిలేది 24 వేలు. అదీ కొన్నేళ్ల తర్వాత.

ఇప్పుడు అతనే "నెలకి పది వేల చొప్పున 14 నెలలు కడతా" అన్నాడనుకోండి. మొత్తం 1,40,000. కట్టే అవకాశం 60 శాతమే అనుకున్నా 84 వేలు. ఖర్చు దాదాపు సున్నా. అరవై వేలు వదులుకోవడం బాధే, కానీ లెక్క ప్రకారం ఇదే మేలు.

అతనికి మంచి ఉద్యోగం ఉందని తెలిస్తే లెక్క మారుతుంది. వసూలయ్యే అవకాశం 85 శాతానికి పెంచి చూడండి. ఖర్చులు పోను 96 వేలు తేలుతుంది. అప్పుడు రాజీ బేరంలో కూడా మీరు గట్టిగా కూర్చోవచ్చు.

అతని దగ్గర ఏముంది?

ప్రైవేటు ఉద్యోగి జీతాన్నైనా కోర్టు జప్తు చేయగలదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 60 వేల జీతమైతే నెలకి సుమారు 19 వేల పైచిలుకు దొరుకుతుంది. అంటే రెండు లక్షలకి 11 నెలలు. పీఎఫ్, వంటపాత్రలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతు నివసించే ఇల్లు మాత్రం జప్తుకి రావు.

కొంత సమాచారం ఫోన్లోనే దొరుకుతుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో వెతికితే అతని మీద ఇప్పటికే ఉన్న కేసులు కనిపించవచ్చు. ఆస్తి వివరాలు తెలిస్తే, రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో ఈసీ చూసి తాకట్టు ఉందేమో తెలుసుకోవచ్చు. ఇప్పటికే నలుగురు కేసులు వేసి ఉంటే మీరు అయిదోవారు. రేపు అతను ఐపీ పెడితే ఉన్నదాన్ని అందరూ పంచుకోవాల్సిందే.

గడువు మీకోసం ఆగదు

చేబదులు వసూలుకి దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే సమయం మామూలుగా 3 ఏళ్లు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రామిసరీ నోటుకైతే నోటు రాసిన తేదీ నుంచే లెక్క, మీరు అడిగిన రోజు నుంచి కాదు. గడువు దాటకముందే "ఇంత బాకీ ఉన్నాను" అని అతను రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. వాట్సాప్ చాట్లు సాక్ష్యంగా పనికొస్తాయి కానీ దానికి చట్టం అడిగే సర్టిఫికెట్ జతచేయాలి. గడువు విషయంలో మాత్రం సంతకం ఉన్న కాగితాన్నే నమ్ముకోండి.

చెక్ బౌన్స్ అయితే గడువు రోజుల్లోనే. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక అతనికి 15 రోజులు టైమ్. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇవ్వలేడా, ఇవ్వడా?

ఇక్కడ మనిషిని చూడాలి. ఉద్యోగం పోయి, ఇంట్లో ఆస్పత్రి ఖర్చులున్నవాడు ఇవ్వలేడు. గోవా ట్రిప్ స్టేటస్‌లు పెడుతూ మీ ఫోన్ ఎత్తనివాడు ఇవ్వడు. ఈ తేడా కోర్టు కూడా చూస్తుంది. కేవలం స్థోమత లేనందుకు బాకీదారుణ్ని సివిల్ జైలుకి పంపకూడదని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్థోమత ఉండి ఎగ్గొట్టేవాడి సంగతి వేరు.

ఇవ్వలేనివాడితో వాయిదాలు మాట్లాడుకోండి, సంతకం తీసుకోండి. ఇవ్వనివాడికి నోటీసు పంపండి. రెండు సందర్భాల్లోనూ పనికొచ్చేది లోక్ అదాలత్. కేసు వేయకముందే న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడి అవార్డుకి కోర్టు డిక్రీకున్న విలువే ఉంటుంది. రేపు మాట తప్పినా మళ్లీ మొదటి నుంచి దావా వేయక్కర్లేదు.

కోపంలో చేయకూడనివి

ఫ్రెండ్స్ గ్రూప్‌లో అతని ఫొటో పెట్టి "దొంగ" అని రాయడం, వాళ్ల ఆఫీసుకెళ్లి గొడవ చేయడం, మనుషుల్ని పంపి బెదిరించడం. వీటితో బాకీ వస్తుందో రాదో కానీ పరువు నష్టం, బెదిరింపు కేసులు మీ మీదకొస్తాయి. అప్పటిదాకా అతను ముద్దాయి, ఆ తర్వాత మీరు. పోలీస్ స్టేషన్ కూడా వసూళ్ల కౌంటర్ కాదు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశంతో తీసుకున్నాడని చూపగలిగితేనే చీటింగ్ అవుతుంది. తీసుకుని ఇవ్వకపోవడం ఒక్కటే అయితే అది సివిల్ తగాదానే.

లెక్క వేశాక వదిలేయడమే మేలని తేలినా సిగ్గుపడక్కర్లేదు. అయిదు వేల కోసం అయిదు వాయిదాలు తిరగడం పౌరుషమేం కాదు. కానీ ఆ నిర్ణయం మీరు తీసుకున్నదై ఉండాలి. మొహమాటంతో మూడేళ్లు గడిచిపోయి, దానంతటదే జరిగిపోకూడదు.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి ఆ డబ్బు పంపిన తేదీ చూడండి. దానికి మూడేళ్లు కలిపి, ఆరు నెలల ముందే రిమైండర్ పెట్టుకోండి.