గంట నానబెడితే ఫిల్ము కడిగినట్టేనా?

నలుపు-తెలుపు ఫిల్మును ఇంట్లో కడగడానికి డెవలపర్ కంపెనీలు అచ్చువేసే పట్టికల్లోని నిమిషాలు ఎక్కువగా 20 డిగ్రీల నీటికి కట్టిన లెక్కలు. ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురంలో మిద్దె మీది ట్యాంకు నుంచి దిగే నీళ్లకు ఆ అంకెతో చుట్టరికమే లేదు. ఏ ఫిల్ముకు ఏ డెవలపర్ అని అడిగేముందు ఇక్కడ ఎవరైనా చూడవలసింది థర్మామీటరు.

ఈమధ్య కొత్తగా ఫిల్ము పట్టినవాళ్లకు ఆ పని కూడా బరువైంది. ఏ ఫిల్మైనా సరే, రోడినాల్ డెవలపర్ ఒక వంతుకు నూరు వంతుల నీళ్లు పోసి, గంటసేపు కదపకుండా వదిలేస్తే చాలట. వేడి పట్టింపు లేదట, నిమిషాల లెక్క లేదట. సోమరితనానికి ఇంత గౌరవప్రదమైన పేరు, ‘స్టాండ్ డెవలప్‌మెంట్’, ఇంతకుముందు ఎవరూ పెట్టలేదు.

రోడినాల్ 1891 నాటి మందు. మంచి మందే, తప్పు దానిది కాదు. కదపకుండా ఉంచితే ఎక్కువ వెలుతురు తగిలిన చోట మందు అక్కడికక్కడే అయిపోతుంది, నీడల్లో మాత్రం పని సాగుతుంది. సూత్రం ఇంతే, చల్లని దేశంలో ఎంతోకొంత ఫలిస్తుంది కూడా. నీళ్లు 32 డిగ్రీలు దాటాక ఆ లెక్క తప్పుతుంది. నీడలు పూర్తిగా పైకి రాకముందే మందు చచ్చిపోతుంది, ఫిల్మంతటా పొగ కమ్ముతుంది, క్షార ద్రవంలో గంటసేపు నానిన జెలటిన్ ఉబ్బి మెత్తబడి గోరు తగిలినా గీత పడుతుంది. కదలిక లేనందువల్ల పళ్ల రంధ్రాల పక్కన చారలు తేలతాయి. ఆ చారలను ‘కళ’ అని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. పైగా 300 మిల్లీలీటర్ల చిన్న ట్యాంకులో ఈ పాళ్లతో పడేది మూడు మిల్లీలీటర్ల అసలు మందు. ముప్పై ఆరు ఫ్రేముల రీలుకు అది చాలదు. రోడినాల్‌లో సల్ఫైటు తక్కువ కాబట్టి రేణువు కరగదు. 400 వేగపు ఫిల్ము మీద ఆ గరుకుదనం ఇసుక పోసినట్టు కనిపిస్తుంది.

ఫిల్ము చవగ్గా దొరికే రోజులైతే ఈ ఆటలు ఆడుకోవచ్చు. 1960లో ఏర్పడిన ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ‘ఇందు’ పేరుతో దేశంలోనే ఫిల్ము చేసేది. అది మూతపడింది. ఇప్పుడు కెమెరాలోకి ఎక్కే రీలు సాధారణంగా ఓడో విమానమో దిగి వచ్చినదే.

‘తాతల కాలం నాటిది’ అని వెక్కిరింపుకు గురయ్యే డీ-76 డెవలపర్ సంగతి వేరు. 1920లలో కొడాక్ ఇచ్చిన ఈ సూత్రంలో రహస్యం లేదు: లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100, హైడ్రోక్వినోన్ 5, వెలిగారం 2. వెలిగారం కంసాలి కొట్టులో ఉండేదే. ఆ రెండు గ్రాములను తూచే తక్కెడ కూడా అక్కడిదే. ఇల్‌ఫోర్డ్ ఐడీ-11 దీనికి తోబుట్టువు. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మును ఐడీ-11లో 20 డిగ్రీల దగ్గర కడగడానికి నీళ్లు కలపకుండా అయితే ఏడున్నర నిమిషాలు, సమంగా కలిపితే 13, మూడింతలు కలిపితే 20. ఒక్కో డిగ్రీకి సుమారు పదో వంతు తగ్గిస్తూ పోతే 28 డిగ్రీల దగ్గర ఇవి మూడు, అయిదున్నర, ఎనిమిదిన్నర నిమిషాలకు వస్తాయి. అయిదు నిమిషాల లోపు కడిగితే మచ్చలు పడే ప్రమాదం ఉంది. కాబట్టి ఎండాకాలంలో నీళ్లు మూడింతలు. ఒక్క రీలుకు 600 మిల్లీలీటర్ల ట్యాంకు పెడితే 150 మిల్లీలీటర్ల అసలు ద్రావణం పడుతుంది. రోడినాల్ వీరులు మరచిన లెక్క ఇదే. నీళ్లను 28కి దించడానికి ఐసు అక్కర్లేదు. ఇక్కడి పొడి గాలిలో మట్టికుండే ఆ పని చేస్తుంది. డెవలపర్, హైపో (ఫిక్సరు), కడిగే నీళ్లు అన్నీ ఒకే వేడిలో ఉండాలి.

ఇంకో వేలంవెర్రి 400 ఫిల్మును 1600గా నెట్టడం. చీకటి వీధుల్లో అవసరమైన పనిని కళ్యాణదుర్గం వేరుశనగ చేలో మిట్టమధ్యాహ్నం చేస్తున్నారు! అక్కడ వెలుతురుకు కొదవేముంది? తెల్ల పంచె, తలపాగా నీడలో నల్లని ముఖం, రెండూ ఒకే ఫ్రేములో నిలవాలంటే 400 ఫిల్మును 250గా తీసి, కడిగే వేళను ఆరో వంతు తగ్గించాలి. నెట్టడం చాలక ఎర్ర ఫిల్టరు కూడా బిగిస్తే ఎర్రనేల సున్నం కొట్టినట్టు తెల్లబడి, పచ్చని ఆకు, దాని నీడ నల్లగా మూసుకుపోతాయి. 125 వేగపు ఎఫ్‌పీ4 ఈ ఎండకు సరిపోతుంది. అది చెబితే మాత్రం ఎవరికీ రుచించదు.

నీళ్ల మాట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో కుళాయి తిప్పి అరగంటసేపు ఫిల్ము కడగమనే పాత పుస్తకాలను పక్కన పెట్టవచ్చు. గట్టిపరిచే మందు లేని ఫిక్సరు వాడితే ఇల్‌ఫోర్డ్ పద్ధతి చాలు: ట్యాంకు నింపి అయిదుసార్లు తిప్పి పారబోయడం, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. బోరు నీళ్లలోని సున్నం ఆరాక చుక్కలుగా మిగులుతుంది కాబట్టి డెవలపర్ కలపడానికీ చివరి ముంపుకూ క్యాను నీళ్లు మేలు. ఎర్రదుమ్ము తడి ఫిల్మును పట్టుకుంటే వదలదు, ఆరబెట్టేది మూసిన స్నానాలగదిలోనే.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో నీళ్లు పట్టికల అంకెకు దగ్గరవుతాయి. అప్పుడు సమపాళ్లు, 13 నిమిషాల దగ్గర మొదలుపెట్టి, నెగటివ్ చూసి నిమిషం అటో ఇటో జరుపుకోవచ్చు.