గృహవిషయములు: కారులోని తోలుసీట్లు



కాకినాడనుండి యొక సోదరి క్రిందటి మాసమున నాకొక లేఖ వ్రాసినది. కుమారుడు తోలుసీట్లు గల కారు కొనినాడట. బజారులో వానికి పూయుటకై పదిరకముల సీసాలున్నవట. "ఏది కొనవలెను? మీ రేది వాడుచున్నారు?" అని యామె ప్రశ్న. దీనికి సమాధానము చెప్పుటకు నాకంటె అర్హురాలు లేదని గర్వముతో ననుటలేదు. ఈ విషయమున నేను చేసినన్ని తప్పులు మఱియెవరును చేసియుండరని సిగ్గుతో ననుచున్నాను.

మా వారు ఉపాధ్యాయులు. రెండేండ్లక్రిందట మా మామగారి మోకాళ్ళు బొత్తిగా పట్టుదప్పి బస్సుమెట్లు ఎక్కలేని స్థితి వచ్చినది. నెలకొకమారు తెనాలినుండి గుంటూరునకు వైద్యునియొద్దకు తీసికొనిపోక తప్పదు. అందువలన మావారు భవిష్యనిధినుండి కొంత సొమ్ము తీసి, ఎవరో ఆరేండ్లు వాడిన కారును కొనిరి. దానిలో లేత గోధుమవన్నె తోలుసీట్లుండెను. చేతితో తాకిన బిరుసుగా తోచినవి. మా పుట్టినింట తాతగారు తమ కిఱ్ఱుచెప్పులకు ఆముదము పట్టించుట చిన్నప్పటినుండి చూచినదానను. ఆ చెప్పులు ఏండ్లకొలది మన్నినవి. తోలనగా తోలే గదా యని, ఒక మధ్యాహ్నము సబ్బుపొడి కలిపిన నీటితో, కొబ్బరిపీచుతో సీట్లన్నియు రుద్ది తుడిచి, ఆఱిన పిమ్మట గిద్దెడు ఆముదము రాచితిని. సాయంకాలమునకు సీట్లు నిగనిగలాడినవి. ఊరక మెచ్చుకొనని మా అత్తగారు సహితము మెచ్చుకొనిరి.

మఱునాడు బంధువుల యింట గృహప్రవేశము. మామగారు మా పెండ్లినాడు కట్టిన తెల్లని పట్టుపంచె తీయించి కట్టుకొని కారెక్కిరి. దిగునప్పటికి పంచెవెనుకను ఉత్తరీయముపైనను జిడ్డుమరకలు! ఆయన ఆ పూటంతయు గోడవైపు కుర్చీ వేయించుకొని లేవక కూర్చుండిరి. భోజనము చివరి పంక్తిలో చేసిరి. ఇంటికి వచ్చినపిదప నన్నొక్కమాటయు ననక, "అమ్మాయీ, దీనిని ఉతుకుటకు ఏమైన ఉపాయ మున్నదా?" అని మాత్ర మడిగిరి. తిట్టినను నాకంత బాధ కలిగియుండదు. పది దినములు గడచునప్పటికి డ్రైవరు సీటు అంచున రంగు పెచ్చులుగా లేచుట మొదలుపెట్టినది. ఆ పాపము ఆముదముది గాదు, నా కొబ్బరిపీచుది.

చిన్ననాడు నాయనగారియొద్ద అమరకోశము వల్లించునపుడు తోలునకు చర్మమనియు, అజినమనియు, కృత్తియనియు పర్యాయపదములు నేర్చితిని. పేరులు వేఱైనను వస్తు వొకటే యని యప్పుడే మనస్సున నాటుకొనినది కాబోలు. అది కారువిషయమున చెల్లదు. తాతగారి చెప్పుల తోలు తంగేడు చెక్కతోడను కరక్కాయతోడను వారములతరబడి ఊరవేసి పదునుచేసినది. దానిపై ఏ పూతయు లేదు గనుక నూనెను త్రాగును. కారుసీట్ల తోలు సాధారణముగా క్రోమియము లవణములతో పదునుచేసినది. అవసరమగు చమురును కార్ఖానాలోనే దానికి పట్టింతురు. తరువాత పైన రంగుపూత, ఆ రంగుపైన పాలియురెథేను అను పారదర్శకమైన పూత వేయుదురు. మనము తాకునది యథార్థముగా తోలును గాదు, ఆ పూతను. దానిపై ఆముదము పోసిన, తామరాకుపై నీటివలె నిలుచునే గాని లోనికి పోదు. నిలిచినది పంచెకంటక యేమగును?

ఈ పదును విద్యకు మన తెలుగువారికిని దగ్గఱి సంబంధ మున్నది. 1948లో మదరాసు అడయారున నెలకొల్పిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు సంచాలకులై దానికి దేశాంతరములందును పేరు తెచ్చిన యలవర్తి నాయుడమ్మగారు మా తెనాలి ప్రాంతపు యలవర్రు గ్రామమున 1922లో జన్మించినవారు. ఇంత దగ్గఱలో నుండియు నేనీ సంగతి యొక పంచె పాడైన పిదప గాని తెలిసికొనలేదు.

కాబట్టి సీసా కొనకముందు సీటు ఏ జాతిదో తెలిసికొనవలెను. మొదట కారుతో వచ్చిన పుస్తకము చూడుడు. అది దొరకనియెడల సీటు క్రిందుగా వంగి మడత అంచు వెనుకవైపు చూడుడు: అక్కడ నేసిన గుడ్డ కనబడిన నది కృత్రిమమైన తోలు, నూగునూగుగా పీచు కనబడిన నిజమైన తోలు. చాలకార్లలో కూర్చుండుచోటును వీపు ఆనుచోటును మాత్రమే తోలుండి, ప్రక్కలును వెనుకభాగమును కృత్రిమమై యుండును. మా కారును అట్టిదే. నిజమైన తోలని తేలినపిదప, కనబడని చోట నొక నీటిబొట్టు వేసి చూడవలెను. బొట్టు బొట్టుగా నిలిచిన పూత గలది. ఆ బొట్టు ఇంకి ఆ చోటు నల్లబడిన పూతలేనిది; అది మిక్కిలి సున్నితము, దానికై ప్రత్యేకముగ చేసిన ద్రవములే వాడవలెను. మఖమలువలె నూగుగల తోలైనచో ద్రవముల జోలికే పోక మెత్తని బ్రష్షుతో దులుపుట మేలు.

ఇక పరికరములు. మెత్తని కుచ్చు తగిలించిన వాక్యూమ్ క్లీనరు మొదటిది. ఇసుక తీయక తుడుచుట గరుకు కాగితముతో రుద్దుటయే. కుట్లమధ్య చేరిన బియ్యపుగింజలు, మరమరాలు, పిల్లల బిస్కట్టుపొడి దీనితోనే పోవును. రెండవది గుర్రపువెండ్రుకల బ్రష్షు. నైలాను బ్రష్షులు చవుక. బట్టల బ్రష్షువంటి గట్టివి ముట్టవలదు. బ్రష్షును చెంపకు రాచుకొని చూడుడు, గ్రుచ్చుకొనిన సీటునకును గ్రుచ్చుకొనును. మూడవది మైక్రోఫైబర్ గుడ్డలు, నాలుగైన నుండవలెను. తెల్లనివో లేతవన్నెవో తీసికొనినయెడల ఎంత మురికి వచ్చినది, రంగుగూడ వచ్చుచున్నదా యనునది వెంటనే తెలియును. రంగు వచ్చిన తక్షణము ఆపివేయవలెను. ఈ బుద్ధి నాకు ముందే యుండినయెడల!

ద్రవములలో ముఖ్యమైనది క్లీనరు; కండిషనరు గాదు. దుకాణములందు తలక్రిందుగా చెప్పుదురు. తోలు స్వభావము ఆమ్లము, సబ్బు క్షారము. సబ్బుపొడి, వంటసోడా పదేపదే వాడిన తోలునకును పూతకును చెఱుపు. కావున సీసాపై తోలుకొఱకని స్పష్టముగ వ్రాసియుండి, పీహెచ్ 7 గాని దానికి కొంచెము తక్కువ గాని అని యున్నది ఎన్నుకొనుడు. పెద్దసీసా కొనవలదు, చిన్నదే చాలదినములు వచ్చును. క్రొత్తది ఏదైనను ముందు సీటు వెనుక మూల ప్రయోగించి ఒక దినము చూచి పిదప వాడవలెను.

సీటు చల్లగా నున్నప్పుడు, నీడలో, ఒక్కొక్క జానెడుచోటు చొప్పున పని చేయవలెను. ద్రవమును సీటుపై చిమ్మక బ్రష్షుపై చిమ్మి, నురుగు వచ్చునట్లు తేలికగ త్రిప్పి, ఆ నురుగు ఆఱకమునుపే తడిగుడ్డతో తీసి, పొడిగుడ్డతో ఒత్తవలెను. సన్నని రంధ్రములు గల సీట్లకు ద్రవము మఱింత తక్కువ. అది లోనికి దిగిన మరల తీయుట కష్టము. సీటులోపల తీగెలు, కొన్నిటి ప్రక్కలయందు ప్రమాదకాలమున విచ్చుకొను గాలిసంచులు నుండును గనుక బకెట్టుతో నీళ్ళు పోయు నలవాటు మానవలెను. మూడునెలల కొకమారు ఇట్లు చేసి, నడుమ పొడిగుడ్డతో తుడిచిన చాలును. డ్రైవరు సీటునకు మాత్రము ఇంకను తఱచుగ.

కండిషనరు వలదా యందురేమో. పూతగల సీటునకు దానివలన ప్రయోజనము స్వల్పము. రాపిడి కొంత తగ్గును, అంతియే. పగిలిన తోలును అది అతుకజాలదు. ఆఱునెలలకొకమారు రవంత గుడ్డకు తీసికొని పలుచగ రాచి, పావుగంట తరువాత మిగిలినదంతయు తుడిచివేయుడు. కృత్రిమమైన తోలునకు అదియు ననవసరము. పట్టణమున నొక దుకాణమున "తళతళ మెఱయును" అని నాకంటగట్టిన సీసా ఒట్టి సిలికాను మెఱుగు. దానిని పూసినపిదప సీటు జారుడుబండ యైనది. మామగారివంటి వృద్ధులు మలుపులలో నిలద్రొక్కుకొనుటెట్లు? మంచి తోలుసీటు మెఱయదు, మందముగ నుండును. మెఱపు వచ్చినదనిన జిడ్డు చేరినదని యెఱుగవలెను.

తలానుచోట నల్లబడుట మన యిండ్ల కార్లన్నిట నున్నదే. తలనూనె ప్రభావమది. కడుగుటకంటె దానిపై నొక నూలుగలీబు తొడుగుట సులభము. క్రొత్త జీన్సు నీలిరంగు లేతవన్నె సీట్ల కంటును. వెంటనే తీసిన పోవును, నెలలు గడచిన పోదు. 2020లో కరోనా వచ్చినపుడు చేతులకు రాచుకొను శానిటైజరుతోనే చాలమంది కారులోపల తుడిచిరి. అందలి ఆల్కహాలు పూతను తినివేయును. నిమ్మరసము, వెనిగరు, గోళ్ళరంగు తీయు అసిటోను, పసిపిల్లలను తుడుచు తడికాగితములు, బూటుపాలిషు, గోడమరకలు తీయు తెల్లని మెలమైను స్పాంజి—వీనిలో నేదియు తగదు. ఆ స్పాంజి మెత్తగా కనబడుచునే సన్నని ఆకురాయివలె పూతను గీచివేయును.

మన యెండలకు మించిన శత్రువు సీట్లకు లేదు. కారు వేపచెట్టునీడ నుంచి, ముందు అద్దమునకు తెర పెట్టుట ఏ సీసాకును తీసిపోదు. వానకాలమున తలుపులు మూసియే యుంచిన బూజు పట్టును. తెఱపియిచ్చిన దినమున తలుపులు తీసి గాలి పోనిండు.

మా డ్రైవరు సీటు అంచునకు గుంటూరున నొక పనివాడు రంగుపూత మరల వేసినాడు. చూచువారికి తెలియదు, నాకు తెలియును. సీట్లకు పట్టిన ఆముదము క్లీనరుతో మూడుమార్లు తుడిచిన గాని వదలలేదు. పంచెసంగతి మాత్రము అట్లే యున్నది. మామగారు దానిని పాఱవేయనీయరు, కట్టుకొనరు. తెల్లని పట్టునుండి పాతబడిన ఆముదపు మరకను తీయు విధము స్వయముగ చేసి ఫలము చూచిన సోదరి యెవరైన నుండిన, దయచేసి పత్రికకు వ్రాయుడు. సంక్రాంతిలోపల తెలిసిన మేలు. మా మఱదలి పెండ్లి ఆ పిమ్మటనే.