మాకు పడటం ఎందుకు నేర్పరండీ?

మగపిల్లాడు కరాటేకి వెళ్తానంటే ఎవరూ కారణం అడగరు. నలభై దాటిన ఆడది ఐకిడో నేర్చుకుంటానంటే మాత్రం రెండే కారణాలు ఒప్పుకుంటారు. ఒళ్ళు తగ్గడానికి, లేదా రోజులు బాగోలేవు కాబట్టి. ఊరికే నేర్చుకోవాలనిపించిందంటే నమ్మరు. సరే, అది వదిలేద్దాం.

మా వీధి చివరి మార్షల్ ఆర్ట్స్ స్కూల్లో ఐదింటికి లేడీస్ బ్యాచ్. మూడు నెలలుగా మాకు చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడమే నేర్పుతున్నారు. ఏడింటి బ్యాచ్ వాళ్ళకి మొదటి వారంలోనే పడటం నేర్పారు. మాకెప్పుడు సర్ అంటే, "మీకెందుకమ్మా, దెబ్బ తగిలితే ఇంట్లోవాళ్ళు మమ్మల్నంటారు" అన్నారు. ఫీజు మాత్రం రెండు బ్యాచ్‌లకీ ఒకటే!

ఐకిడోలో పడటానికి ఉకెమి అని పేరు. అది పైపై హంగు కాదు, పునాది. గడ్డం గుండెకి ఆనించి, చెయ్యి గుండ్రంగా పెట్టి, ఒక భుజం మీంచి వీపుకి ఐమూలగా రెండో వైపు తుంటి దాకా దొర్లి లేవాలి. తల నేలకి తగలకూడదు. ఒకరు విసిరితే ఒకరు పడతారు, తర్వాత మారతారు. పడటం రానివాళ్ళని పూర్తిగా విసరడానికి ఎవరికి చేతులొస్తాయి? అందుకే కొతెగయేషిలో మా మణికట్టు సగం తిప్పి వదిలేస్తారు. ఆ సగం విద్యకి ఆత్మరక్షణ అని బోర్డు!

నన్నడిగితే, మన వయసులో వీధి రౌడీకంటే బాత్రూంలో సబ్బునీళ్ళకే ఎక్కువ భయపడాలి. అక్కడ పనికొచ్చేది కూడా ఈ పడటమే.

మోకాళ్ళ నొప్పులు, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగాల్సిందే, కాదనను. మిగిలినవాళ్ళకి చాప మీద కూర్చున్న చోటునుంచే నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు. ఈ విద్యకి ఆద్యుడు మొరిహెయి ఉయెషిబా (1883–1969) ఎనభై దాటాక కూడా నేర్పాడు. నాకింకా నలభై నాలుగే.

మాస్టారి భయం వట్టిది కాదులెండి. మా బ్యాచ్‌లో ఒకావిడ మోచెయ్యి కమిలితే వాళ్ళాయన వచ్చి కేకలేసి వెళ్ళాడు. గరిట కాలిన మచ్చలు ఆ చేతికే నాలుగున్నాయి, వాటికెవర్ని కేకలేశాడో మరి.

తెలుగులో ఆడవాళ్ళు పడేవాటికి లోటా? మాట పడటం, సిగ్గుపడటం, భయపడటం, ఇరుకునపడటం. ఇవన్నీ బ్యాచ్ పెట్టకుండానే నేర్పారు. దెబ్బ తగలకుండా పడటం దగ్గరికొచ్చేసరికే జాలి ముంచుకొస్తుంది.

ఏడింటి బ్యాచ్‌కి మార్చమని కాగితం రాసిచ్చాను. ఆ వేళకి చపాతీలెవరు వత్తుతారన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.