సరదా కొలిమి, కులం కొలిమి

కూలిరేట్లు, శ్మశానం దారి, హాస్టలు మెస్ చార్జీలు... రాయాల్సినవి చానా ఉండగా వంటింటి కత్తి మీద సంపాదకీయం ఏందని కొందరు నవ్వొచ్చు. నవ్వండి, కానీ చదవండి.

మన తీరం ఊళ్లల్లో చదువుకున్న పిలకాయలు కొందరు సెల్‌ఫోన్లో వీడియోలు చూసి ఇంటి వెనక కొలిమి పెడతా ఉండారు. పాత లారీ కమాను ముక్క తెచ్చి, కాల్చి, సాగగొట్టి, చేపలు కోసే కత్తో కూరగాయల కత్తో చేసి, దానికి తుమ్మపిడి బిగిస్తున్నారు. అమ్ముకునేదానికి కాదు, సరదాకి. తల్లిదండ్రులేమో "రెక్కలు ముక్కలు చేసుకొని నిన్ను చదివించింది ఇనుము కొట్టేదానికా?" అని తల బాదుకుంటున్నారు. ఈ తగువు మన సంఘం మీటింగుల దాకా వచ్చింది. తల్లిదండ్రుల భయం వట్టిది కాదు. పిల్లల సరదా తప్పూ కాదు. ఎందుకో విడమరచి చెప్పుకుందాం.

ముందు సరదా సంగతి. అమెరికాలో 1973లో బిల్ మోరన్ అనే ఆయన ఇనుము పొరల్ని కలిపి కొట్టి, నీటి అలల మాదిరి చారలున్న కత్తులు చేసి ప్రదర్శనలో పెట్టాడు. దానికి జనం విరగబడ్డారు. 1976లో అక్కడ కత్తులు కొట్టేవాళ్లకు ఒక సంఘమే ఏర్పడింది. 2015 నుంచి టీవీలో పోటీలు కూడా పెట్టారు. డాక్టర్లు, ఇంజనీర్లు, రిటైరైన ఆఫీసర్లు ఆదివారం పూట తోలు గుడ్డ కట్టుకొని సుత్తి పడతారు. ఒక్కో కత్తి వందల డాలర్లు పలుకుతుంది. చేతులకు మసి అంటితే వాళ్లకది గౌరవం. మన దగ్గర అదే మసి అంటిన చేతితో మంచినీళ్లు అడిగితే దోసిట్లో పోసిన రోజులు మన పెద్దలకు బాగా తెలుసు.

ఆ అలల చారల కత్తికి ఒకప్పుడు ముడిసరుకు పోయింది మన తెలుగు నేల మీద నుంచే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. 1820ల్లో సర్వే పార్టీతో తిరిగిన వాయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు, ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కోసం వచ్చి కూర్చున్న వర్తకుణ్ణి అక్కడ చూశానని రాశాడు. ఇంగ్లీషువాళ్లు ఆ సరుకును పిలిచే "వూట్జ్" అనే పేరు కూడా మన "ఉక్కు" నుంచే పోయిందంటారు. తర్వాత ఆ విద్య పోయింది. 1998లో అమెరికాలో వర్హోవెన్ అనే ప్రొఫెసరు, ఆ ఉక్కులో చారలు రావటానికి అందులో కొంచెంగా ఉండే వెనేడియం లాంటి లోహాలే కారణమని వ్యాసం రాశాడు. ఆ వ్యాసం మీద ఆయన పక్కనే పెండ్రే పేరు కూడా ఉంది. పెండ్రే వృత్తి గుర్రాలకు నాడాలు కొట్టడం. ప్రొఫెసరు పేరూ నాడాలు కొట్టేవాడి పేరూ ఒకే కాగితం మీద! కోనసముద్రంలో మూసలు కరిగించిన చేతుల పేర్లు మాత్రం మనకు ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు మన ఊరి కొలిమి చూడండి. దాగలి ముందర కూర్చున్నది ఆచారి. కానీ కొలిమి ఒక్కడిదా? తిత్తికి తోలు ఊనింది మాదిగపల్లె. సమ్మెట కొట్టను కూలికి పోయినోళ్లలో మనోళ్లూ ఉండారు. ఇప్పుడు తిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది, బొగ్గేమో సర్కారు తుమ్మ బొగ్గు. దాన్ని కొట్టి కాల్చే చేతులు ఎక్కువగా యానాదులవి. ఇంతమంది చెయ్యి పడితే గాని కొడవలికి పదును రాదు. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మాత్రం ఎవరి వరస వాళ్లది, ఎవరి దూరం వాళ్లది. కులం పనిని పంచలేదు, పనిచేసేవాళ్లనే విడగొట్టి ఒకరి మీద ఒకర్ని నిచ్చెన మెట్లుగా పెట్టిందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పాడు. దానికి రుజువు చూడాలంటే లైబ్రరీకి పోనక్కర్లేదు, కొలిమి కాడికి పోతే చాలు.

ఆచారి గతి కూడా ఏమంత బాగలేదు. కోత మిషన్లు వచ్చాక కొడవళ్లు అడిగేవాళ్లు తగ్గారు. వరి మళ్లు రొయ్యల గుంటలైన చోట అసలు కొడవలితో పనే లేదు. బజారులో స్టీలు కత్తి చవగ్గా దొరకతా ఉంది. ఉత్తరాది నుంచి వచ్చి రోడ్డు పక్కన గుడారాలేసుకొని, ఆడవాళ్లు సమ్మెట ఎత్తి కొడతా ఉంటే, కారు దిగిన పెద్దమనిషి గొడ్డలి కాడ పది రూపాయలు బేరమాడతాడు. అదే మనిషి పట్నంలో "హ్యాండ్ మేడ్" అని చీటీ అంటించిన కత్తికి వేలు పోసి కొంటాడు. ఇనుము ఒకటే, నిప్పూ ఒకటే. కొట్టినవాడెవరన్న దాన్ని బట్టి ధర మారుతోంది.

సరదాగా కొట్టేవాడు సుత్తి పక్కన పెట్టి రేపు గిటారు పట్టుకోవచ్చు. కులం అప్పగించిన పనిలో ఉన్నవాడికి సుత్తి దించే వీలు లేదు. తల్లిదండ్రుల భయం ఇక్కడే ఉంది. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి, పల్లె పిల్లలకు బడి సగం పూటే చాలు, మిగతా పూట అమ్మానాన్నల పని నేర్చుకోమన్నాడు. ఆ జూన్‌లో పథకం మొదలయ్యే నాటికి మన నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పెరియార్ దాన్ని కులవిద్య అని ఎండగట్టాడు. 1954లో కామరాజ్ గద్దె ఎక్కినాక అది రద్దయింది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం "విశ్వకర్మ" పేరుతో 18 చేతిపనులకు పథకం తెచ్చింది. అందులో కమ్మరం ఉంది, చెప్పులు కుట్టే పనీ ఉంది. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి అప్పు. డబ్బు మంచిదే, కాదనం. కానీ పథకం కాగితాల్లో "గురుశిష్య పరంపర", "కుటుంబ వృత్తి" అనే మాటలు కూడా ఉన్నాయి. కుటుంబం చేసిన పనే చేయాలనే ఆ షరతు ఎత్తేయమని అడిగి, 2024 నవంబరులో తమిళనాడు ఈ పథకాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయనని చెప్పింది. ఆ అడగటంలో న్యాయం ఉంది.

అందుకే మన మాట ఇది: మాలోళ్ల పిల్ల కొలిమి పట్టనీ, ఆచారి కొడుకు డాక్టరు కానీ, రెడ్డిగారి అబ్బాయి చెప్పు కుట్టనీ. ఎవరి ఇష్టం వాళ్లది. పుట్టుక చూసి పని అంటగట్టొద్దు, పుట్టుక చూసి పని నేర్పకుండా ఆపొద్దు.

ఇష్టపడి పట్టేవాళ్లకు నాలుగు పని మాటలు. లారీ కమాను పట్టీలో కర్బనం నూటికి అర పాలుకు కాస్త పైన ఉంటుంది, కత్తికి సరిపోతుంది. మెత్తటి కడ్డీ, రేకు ఎంత కొట్టినా పదును నిలవదు. జింకు పూసిన ఇనుము మాత్రం నిప్పులో పెట్టొద్దు, ఆ పొగ విషం. ఎర్రగా కాలిన ముక్కకు అయస్కాంతం అంటకుండా పోయిందంటే వేడి 770 డిగ్రీల దగ్గరకు వచ్చినట్టు. ఇంకాస్త కాల్చి నూనెలో ముంచాలి. నూనె భగ్గుమంటుంది, డబ్బాకు మూత దగ్గర పెట్టుకోండి, మొహం దూరంగా పెట్టండి. ముంచి తీసిన కత్తి గాజు మాదిరి పెళుసుగా ఉంటుంది, కింద పడితే రెండు ముక్కలే. చాలామంది పిలకాయలు ఇక్కడే ఆపేస్తారు. దాన్ని మళ్లీ 200 డిగ్రీల సన్నవేడిలో గంటా రెండు గంటలు ఉంచాలి. రుద్ది తెల్లగా చేసిన అంచు ఎండుగడ్డి రంగుకు తిరిగితే అప్పుడది పనికొచ్చే కత్తి. పిడికి పచ్చి కొయ్య వద్దు. అది ఎండేకొద్దీ బిగువు సడలి, చేపల జిగురు చేతిలో పిడి జారుతుంది. బాగా ఎండిన తుమ్మో చింతో చూసుకోండి. మన ఉప్పుగాలికి ఇలాంటి కత్తి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. కడగ్గానే తుడిచి రవ్వంత నూనె రాయండి. ఇవన్నీ వీడియోలో కంటే ఆచారి పక్కన నాలుగు రోజులు కూర్చుంటే బాగా పట్టుబడతాయి. ఊరికే కూర్చోవద్దు, ఆయనకు కూలి కట్టివ్వండి.

కొయ్యపని మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మన జిల్లా ఉదయగిరిలో కొండచెక్కతో చెంచాలు, ఫోర్కులు చేసే కుటుంబాలున్నాయి. ఆ పనిలో ఆడవాళ్లు చానామంది. ఆ సరుకుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరుకు గుర్తింపు వచ్చినంత మాత్రాన చెక్కిన చేతికి కూలి పెరుగుతుందని నమ్మవద్దు. సరుకు ఎవరు కొంటున్నారు, మధ్యలో ఎవరు మిగిల్చుకుంటున్నారు, అది అడగాలి.

ఇంకోటి, కార్యకర్తలు గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సింది. పట్నం బాబు చేతిలో కత్తి కళ, మన పిల్లోడి చేతిలో కత్తి కేసు. ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో, అలగు 9 అంగుళాల కన్నా పొడుగు గాని 2 అంగుళాల కన్నా వెడల్పు గాని ఉన్న కత్తుల్ని మారణాయుధాల పట్టీలో రాశారు. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి అందులోకి రావని కూడా అక్కడే రాశారు. పోలీసులు మొదటి సగం చదువుతారు, రెండో సగం మనం చదివి వినిపించాలి. కొలత లోపల చేయండి. చేసిన కత్తి వంటింట్లో ఉంచండి. తిరునాళ్లకూ జెండా పండక్కీ నడుముకు దోపుకొని పోయి ఫొటోలు దిగొద్దు. ఊళ్లో గొడవ జరిగిన రోజున ఆ ఫొటో చాలు, పది మందిని లోపలెయ్యను.

బళ్లలో, గురుకులాల్లో పనిముట్ల గది పెట్టమని మనం అడగాలి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపి, అన్ని కులాలకూ కలిపి, లెక్కలూ సైన్సూ మానకుండా వారానికి రెండు పీరియడ్లు. ఆచారిని, చెప్పులు కుట్టే తాతను, బుట్టలల్లే యానాది అక్కను అయ్యవారితో సమానంగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, జీతమిచ్చి పిలవాలి. ఇక ఏ సర్కారు చేతిపనుల పథకం పెట్టినా, కమ్మరానికి అర్జీ పెట్టిన మన పిల్లోణ్ణి "మీవోళ్లు కమ్మరోళ్లు కాదు గదా, చెప్పులపనికి రాసుకో" అని తిప్పి పంపితే ఊరికే వెనక్కి రావద్దు. ఆ మాటే కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇమ్మని అడగండి. ఆ కాగితం సంఘానికి పంపండి.